ఉప్పునీళ్ల ఇంట్లో వేడినీళ్ల ట్యాంకు, వాల్వులు: ఏవి కొనాలి, ఏ వరుసలో బిగించాలి

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న ఇదే ఉంటుంది: "అన్నా, ఎన్ని లీటర్ల సోలార్ తీస్కోమంటవు?" నేను వెంటనే జవాబు చెప్పను. "మీ బోరు నీళ్లు ఎట్లున్నయి? డాబా మీద ట్యాంకు ఎంత ఎత్తుల ఉంది?" అని అడుగుతాను. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు ఏ ఇంట్లోనైనా వేడినీళ్ల ట్యాంకు పాడయ్యేది చిన్నది కావడం వల్ల కాదు. సున్నం పట్టి పాడవుతుంది, లేదంటే తప్పు వాల్వు పెట్టి పాడవుతుంది.

రెండు బాత్రూములు, ఒక వంటిల్లు ఉన్న ఇంటికి డాబా మీద ఎండతో నీళ్లు కాచే సోలార్ ట్యాంకు ఒక్కదాని నుంచే వేడినీళ్లు రావాలంటే, మబ్బు రోజులకు తోడుగా గీజర్ ఉండాలంటే ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను. ట్యాంకు కొన్నాక కాదు, కొనకముందే చదవండి.

1. ముందు మీ నీళ్ల సంగతి తేల్చుకోండి

బోరు నీళ్లను ఒక సీసాలో పట్టి, జిల్లా కేంద్రంలో ఉండే గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులోనో ప్రైవేటు ల్యాబులోనో పరీక్ష చేయించండి. రిపోర్టులో రెండు అంకెలు చూడాలి: మొత్తం కాఠిన్యం (నీళ్లలో సున్నం పట్టించే లవణాలు ఎన్ని ఉన్నాయో చెప్పే అంకె), ఫ్లోరైడ్.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకనిచోట 600 వరకు ఒప్పుకుంటారు. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది గానీ కాఠిన్యాన్ని విడిగా చూపించదు, ఫ్లోరైడ్‌ను అసలే చూపించదు. షాపులో మీటరు ముంచి "నీళ్లు బాగానే ఉన్నయి సార్" అంటే నమ్మకండి.

600 కాఠిన్యమంటే ఏమిటో లెక్క వేసి చూడండి. రోజుకు 100 లీటర్లు వేడి చేస్తే ఆ నీళ్లతోపాటు 60 గ్రాముల సున్నపు పదార్థం ట్యాంకులోంచి పోతుంది. ఏడాదికి దాదాపు 22 కిలోలు. అంతా లోపలే పేరుకోదు, చాలావరకు నీళ్లతో బయటికి వెళ్లిపోతుంది. కానీ నీళ్లు ఎంత వేడెక్కితే అంత ఎక్కువ సున్నం విడిపోయి కాయిల్‌కు, గోడలకు పడుతుంది. ఒకసారి మా ఇంటి పాత గీజర్ విప్పి కాయిల్ బయటికి లాగితే అది రాగి రంగులో లేదు. కోడిగుడ్డు పెంకులను ఒకదాని మీద ఒకటి అతికించినట్టు తెల్లటి పొరలు, వేలితో నొక్కితే పలుకులుగా రాలాయి. ట్యాంకు అడుగున రెండు దోసిళ్ల సున్నపు ఇసుక ఉంది. అందుకే అంతకుముందు ఆరు నెలలుగా గీజర్ "గుర్రు గుర్రు" మంటోంది. మాకు అర్థం కాలేదు.

ఫ్లోరైడ్ గురించి ఒక్క మాట. ఫ్లోరైడ్ నీళ్లతో తిప్పలు పడ్డ మర్రిగూడ, మునుగోడు వైపువాళ్లకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి బోరు నీళ్లు నింపే సోలార్ ట్యాంకు నుంచి వంటింటికి లైను వేసినా అది గిన్నెలు కడగడానికే. అన్నం ఎసరుకూ చాయ్‌కూ ఆ నల్లా తిప్పొద్దని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పనికి వచ్చేవాళ్లకు చెప్పండి. వంటకు మిషన్ భగీరథ నీళ్లే, అంటే సర్కారు ఇచ్చే తాగునీళ్లే వాడండి.

2. ఎత్తు, ప్రెజర్ కొలవండి

టేపు పట్టుకుని డాబా ఎక్కండి. చన్నీళ్ల ట్యాంకు అడుగు నుంచి బాత్రూం షవర్ దాకా ఎన్ని మీటర్లో కొలవండి. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ప్రెజర్ వస్తుంది. మన ఒక అంతస్తు, రెండంతస్తుల ఇళ్లలో పై బాత్రూముకు వచ్చేది 0.2, 0.3 బార్ మాత్రమే. వాల్వుల ఎంపిక అంతా ఈ అంకె మీద ఆధారపడి ఉంటుంది. ఇంత తక్కువ ప్రెజర్‌లో అడ్డొచ్చే ప్రతి ఎల్బో, ప్రతి ఇరుకు వాల్వు ధారను సన్నగా చేస్తుంది.

తరువాత సోలార్ ట్యాంకు ఎక్కడ పెడతారో చూడండి. చన్నీళ్ల ట్యాంకు అడుగు, సోలార్ ట్యాంకు పైభాగం కన్నా ఎత్తులో ఉండాలి. చాలా ఇళ్లలో చన్నీళ్ల ట్యాంకు స్లాబు మీద చదునుగా కూర్చుని ఉంటుంది. అప్పుడు సోలార్ సగమే నిండుతుంది. ముందు నాలుగు పిల్లర్లు లేపి చన్నీళ్ల ట్యాంకును ఎత్తండి, ఆ తరువాతే సోలార్ మాట. అలాగని మరీ ఎత్తు కూడా పనికిరాదు. ప్రెజర్ తట్టుకోని మామూలు గాజు గొట్టాల ట్యాంకు ఎంత ఎత్తు నీళ్లకు ఆగుతుందో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. అది దాటితే గొట్టాలు దూరే రబ్బరు రింగుల దగ్గర కారుతుంది. అలాంటి చోట మధ్యలో ఫ్లోట్ వాల్వు ఉన్న చిన్న ట్యాంకు పెట్టి అందులోంచి సోలార్‌కు నీళ్లు ఇవ్వాలి.

3. ఎన్ని లీటర్లు కావాలి

ఒక మనిషి స్నానానికి 20 లీటర్ల గోరువెచ్చని నీళ్లు, అంటే 40 డిగ్రీలవి, సరిపోతాయి. చలికాలం పొద్దుగాల డాబా ట్యాంకులో నీళ్లు 20 డిగ్రీలుంటే, వేడినీళ్లు 60 డిగ్రీలుంటే, సగం అవి, సగం ఇవి కలిపితే 40 అవుతుంది. మనిషికి 10 లీటర్ల వేడినీళ్లు. ఐదుగురికి 50. వంటిల్లు, చంటిపిల్లల బట్టలు కలిపి ఇంకో 25 వేసుకోండి. పైపుల్లో చల్లారేవి, మబ్బు పట్టిన రోజు తగ్గేవి కూడా చూసుకుంటే ఐదుగురికి 150 లీటర్లు చాలు. సంక్రాంతికి అల్లుళ్లు, మనవలు వస్తారని 300 లీటర్లది కొనకండి. ఆ నాలుగు రోజులకు గీజర్ ఉంది.

ఒక్క గీజర్ మీదే నడిపేవాళ్లకు: 25 లీటర్ల గీజర్ ఒకసారి కాగితే రెండున్నర బకెట్ల స్నానపు నీళ్లు. మళ్లీ 20 నుంచి 60 డిగ్రీలకు రావడానికి 2000 వాట్ల కాయిల్‌కు 35 నిమిషాలు, ఒక యూనిట్ పైన కొంచెం కరెంటు పడుతుంది. బడికి, ఆఫీసుకు అందరూ ఒకే గంటలో బయల్దేరే ఇల్లయితే దాన్ని బట్టి చూసుకోండి.

4. ట్యాంకు ఎంచుకోవడం

ఉప్పునీళ్ల ఊళ్లలో సోలార్ అంటే గాజు గొట్టాలదే నా ఓటు. రాగి పలకల రకంలో సన్నని రాగి గొట్టాల్లోంచి నేరుగా బోరు నీళ్లు తిరుగుతాయి. సున్నం పట్టి మూసుకుపోతే వాటిని శుభ్రం చేయడం పెద్ద పని. పలకలదే కావాలంటే హీట్ ఎక్స్చేంజర్ ఉన్నది అడగండి. అందులో పలకల్లో తిరిగే నీళ్లు వేరు, మనం వాడే నీళ్లు వేరు. గాజు గొట్టాలదైతే ఒక్కో గొట్టాన్ని ఊడదీసి కడగొచ్చు, పగిలితే ఒక్కటే మార్చొచ్చు. కోతుల బెడద ఉన్న ఊళ్లో మాత్రం పైన కంతలు పెద్దగా ఉన్న ఇనుప జాలీ తప్పదు. కొంచెం ఎండ తగ్గినా పర్వాలేదు.

లోపలి ట్యాంకు దేనితో చేశారో తప్పక అడగండి. స్టీలు ట్యాంకులు ఉప్పునీళ్లకు వెల్డింగ్ అతుకుల దగ్గర ముందు దెబ్బతింటాయి. గీజర్ అయితే లోపల గాజుపూత ఉండి, మెగ్నీషియం రాడ్ ఉన్నది తీసుకోండి. నీళ్లలోని లవణాలు ట్యాంకును తినకుండా ముందు ఆ రాడ్‌ను తింటాయి. అది అరిగిపోవడమే దాని పని. అరిగాక మార్చకపోతే తరువాతి వంతు ట్యాంకుది. వారంటీ కార్డులో కాఠిన్యం పరిమితి రాసి ఉంటుంది. మీ ల్యాబు రిపోర్టు పక్కన పెట్టుకుని చదవండి. గీజర్ మీద ఐఎస్ 2082 గుర్తు ఉండాలి.

కొనేముందు చూసుకోవలసినవి:
- కాఠిన్యం, ఫ్లోరైడ్ రిపోర్టు చేతిలో ఉందా
- చన్నీళ్ల ట్యాంకు ఎత్తు, సోలార్ ట్యాంకు ఎత్తు కాగితం మీద రాసుకున్నారా
- స్టాండు కింద బీము ఉందా? గొట్టాల్లో నీళ్లతో కలిపి 200 లీటర్ల సోలార్ 300 కిలోలకు దగ్గరగా తూగుతుంది
- దక్షిణం వైపు నీడ లేదా? డిసెంబరులో మధ్యాహ్నం కూడా మన దగ్గర సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 3 అడుగుల పిట్టగోడ అప్పుడే రెండున్నర అడుగుల నీడ వేస్తుంది, పొద్దున ఇంకా పొడుగు. గోడ ఎత్తుకు రెట్టింపు దూరం వదలండి

5. వాల్వులు: చన్నీళ్ల ట్యాంకు నుంచి నల్లా దాకా వరుసగా

షాపుకు వెళ్లి "ఒక సెట్ ఇయ్యి" అంటే ఏదో ఒకటి ఇస్తారు. మీరే చీటీ రాసుకుని వెళ్లండి.

చన్నీళ్ల ట్యాంకు దగ్గర మొదట బాల్ వాల్వు. ఇత్తడిది, పైపు సైజుకు తగ్గ పూర్తి రంధ్రం ఉన్నది. గేట్ వాల్వు వద్దు. దాని పలక కూర్చునే గాడిలో సున్నం చేరి రెండేళ్లకే పూర్తిగా మూసుకోదు. బాల్ వాల్వు కూడా ఏడాదంతా తిప్పకుండా వదిలేస్తే బిగుసుకుంటుంది. నెలకోసారి అటూ ఇటూ తిప్పితే చాలు.

దాని తరువాత ఎన్నార్వీ (నాన్ రిటర్న్ వాల్వు). వేడినీళ్లు వెనక్కి చన్నీళ్ల లైనులోకి రాకుండా ఆపేది ఇదే. ఇక్కడే చాలామంది మోసపోతారు. స్ప్రింగు ఉన్న ఎన్నార్వీ తెరుచుకోవాలంటే నీళ్లు స్ప్రింగును నెట్టాలి. ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య ఉన్న రెండు మూడు అడుగుల ఎత్తుకు ఆ బలం చాలదు, సోలార్ సరిగా నిండదు. లోపల రేకు తలుపులా ఊగే రకం అడగండి. దాన్ని పైపు అడ్డంగా ఉన్నచోట, బాణం గుర్తు నీళ్లు వెళ్లే దిక్కుకు, మూత పైకి ఉండేలా బిగించాలి. నోటితో ఊదితే రేకు తేలిగ్గా లేవాలి. షాపులోనే ఊది చూడండి.

సోలార్ ట్యాంకు మీద గాలి గొట్టం. దీన్ని వాల్వు అనలేం గానీ అన్ని వాల్వుల కన్నా ముఖ్యం ఇదే. ట్యాంకు పైనుంచి నిటారుగా లేచి, చన్నీళ్ల ట్యాంకు నిండినప్పటి నీటి మట్టం కన్నా కనీసం ఒకటిన్నర అడుగులు పైకి వెళ్లి, మూతి కిందికి వంగి ఉండాలి. ఎండకు ఆవిరి పుడితే దీంట్లోంచే పోతుంది. నీళ్లు వేగంగా తోడితే దీంట్లోంచే గాలి లోపలికి వస్తుంది. ఇది మూసుకుపోతే ట్యాంకు ఉబ్బుతుంది, లేదా డబ్బాను పీల్చినట్టు లోపలికి నొక్కుకుపోతుంది. దీని మీద ఏ వాల్వూ, ఏ మూతా పెట్టొద్దు. పక్షులు గూడు పెడతాయనుకుంటే మూతికి దోమతెర గుడ్డ కట్టకండి, కంతలు పెద్దగా ఉన్న జాలీ చాలు.

ట్యాంకు అడుగున డ్రెయిన్ వాల్వు. బిగించేటప్పుడు "ఎందుకు సార్ దండగ" అంటారు. సున్నపు ఇసుక బయటికి పోవడానికి ఉన్న ఒకే దారి ఇది.

గీజర్ దగ్గర సేఫ్టీ వాల్వు. చన్నీళ్లు లోపలికి వెళ్లే చోట బిగించే ఈ చిన్న ఇత్తడి ముక్క గీజర్ డబ్బాలోనే వస్తుంది. నీళ్లు వెనక్కి పోనివ్వదు, ప్రెజర్ పెరిగితే కొంచెం బయటికి వదులుతుంది. 25 లీటర్ల నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 380 మిల్లీలీటర్లు ఉబ్బుతాయి. అవి వెనక్కి పోలేవు, నల్లా మూసి ఉంటే ముందుకూ పోలేవు. కాబట్టి సేఫ్టీ వాల్వు పక్క రంధ్రంలోంచి బొట్లు బొట్లుగా కారతాయి. గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు అలా కారడం మంచి లక్షణం.

మా చుట్టాలింట్లో ఈ రంధ్రంలో ఒక స్క్రూ కనబడింది, చుట్టూ తెల్లగా సున్నం కట్టి. ప్లంబరును పిలిచి అడిగితే, "కారుతుందని మీరే గదా సార్ కోపం జేసిన్రు, అందుకే బిరడా కొట్టిన" అన్నాడు. మెయిన్ ఆఫ్ చేసి స్క్రూ మెల్లగా తిప్పుతుంటే సలసల కాగే నీళ్లు గోడకు చిమ్మాయి. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ ఒక్కరోజు అతుక్కుపోయినా ఆ బాత్రూంలో ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ రంధ్రానికి సన్నని పైపు తొడిగి, బాత్రూం నేల మీద నీళ్లు బయటికి పోయే ఫ్లోర్ ట్రాప్ దాకా దించండి. మూయొద్దు. గీజర్‌కూ దీనికీ మధ్య ఇంకే వాల్వూ పెట్టొద్దు.

మిక్సర్ నల్లాలు ఉంటే వాటి ముందు, వేడి లైనుకూ చన్నీళ్ల లైనుకూ చెరొక ఎన్నార్వీ. లేకపోతే ఒక లైను నీళ్లు ఇంకో లైనులోకి ఎక్కుతాయి. చన్నీళ్లకు ప్రెజర్ పంపు, వేడినీళ్లకు మామూలు ఎత్తు ఉన్న ఇళ్లలో ఇది తప్పకుండా జరుగుతుంది. రెండు లైన్లూ ఒకే ట్యాంకు నుంచి, ఒకే ప్రెజర్‌తో రావడం అన్నిటికన్నా మేలు.

పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో వేడిని తనంతట తానే సరిచేసే మిక్సింగ్ వాల్వు పెట్టించండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు సోలార్ నీళ్లు కాలేంత వేడిగా వస్తాయి. ఇది కొనేముందు ఎంత తక్కువ ప్రెజర్‌కు పనిచేస్తుందో డబ్బా మీద చూడండి. 0.2 బార్‌కు పనిచేయనిది మనకు దండగ.

ప్రెజర్ తగ్గించే వాల్వు మన రెండంతస్తుల ఇళ్లకు అక్కర్లేదు. ఎవరైనా అంటగడితే వద్దనండి.

6. పైపులు, కరెంటు

వేడినీళ్ల లైనంతా సీపీవీసీ, అంటే వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపు. మామూలు తెల్ల పీవీసీ 60 డిగ్రీలకే మెత్తబడి కుంగిపోతుంది. ట్యాంకు నోటి దగ్గర జీఐ (జింకు పూసిన ఇనుము) నిప్పల్ కాకుండా ఇత్తడి నిప్పల్ వాడండి. స్టీలుకు జీఐ తగిలితే జీఐ తొందరగా తుప్పుపడుతుంది. ప్రతి వాల్వుకూ రెండు వైపులా యూనియన్ పెట్టించండి. రేపు వాల్వు మార్చాలంటే పైపు కోయక్కర్లేదు.

సోలార్ నుంచి బాత్రూం దాకా ముప్పావు అంగుళం పైపు 40 అడుగులుంటే అందులో 3 లీటర్ల నీళ్లు నిలుస్తాయి. పొద్దున ఆ చల్లారిన 3 లీటర్లు పోయాకే వేడివి వస్తాయి. అందుకే మెయిన్ లైను ముప్పావు, నల్లా దగ్గరికి వెళ్లే చివరి ముక్క మాత్రం అర అంగుళం వేయండి. డాబా మీది పైపుకు నురుగు తొడుగు వేసి, పైన అల్యూమినియం రేకు చుట్టించండి. ఉత్త నురుగును కోతులు వారంలో పీకేస్తాయి.

మబ్బు రోజుల కోసం సోలార్ ట్యాంకులోనే కాయిల్ పెడితే రెండు బకెట్ల కోసం 150 లీటర్లూ కాగబెట్టాలి. దాని బదులు బాత్రూంలో 15 లీటర్ల గీజర్ విడిగా పెట్టి, రెండు బాల్ వాల్వులతో సోలార్ లైనో గీజర్ లైనో ఏదో ఒకటే తెరిచేలా చేయండి.

2000 వాట్ల గీజర్‌కు 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మి.మీ. రాగి తీగ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగ్ ఉండాలి. వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం మానొద్దు.

7. మొదటిసారి నింపడం

ఇది తెల్లవారుజామునో పొద్దుగూకినాకనో చేయాలి. ఖాళీ గాజు గొట్టాలు ఎండలో మాడుతుండగా చన్నీళ్లు వదిలితే పగులుతాయి.

- ఇంట్లో వేడినీళ్ల నల్లాలన్నీ తెరవండి
- చన్నీళ్ల బాల్ వాల్వు సగం తిప్పి మెల్లగా నింపండి
- నల్లాల్లో బుసబుస ఆగి ధార నిలకడగా వచ్చాక ఒక్కొక్కటి మూయండి
- ప్రతి అతుకు కింద పొడి కాగితం పెట్టి తడి చూడండి
- వేడినీళ్ల నల్లాలో నీళ్లు వచ్చాకే గీజర్ స్విచ్ వేయండి
- గీజర్‌ను 55, 60 డిగ్రీల దగ్గర ఉంచండి. 75 మీద పెడితే సున్నం తొందరగా పడుతుంది

8. తరచూ వచ్చే తిప్పలు

పొద్దున వేడినీళ్లు గోరువెచ్చగానే వస్తే: ముందు టాయిలెట్ జెట్ స్ప్రే, షవర్ మిక్సర్లు చూడండి. ఎక్కడో ఒకచోట మిక్సర్ రెండు పిడులూ తెరిచి చివర మూసి ఉంటుంది, చన్నీళ్లు దాంట్లోంచి వేడి లైనులో కలుస్తుంటాయి. ప్లంబరును పిలవకముందే ఇది చూసుకుంటే సగం ఇళ్లలో తీరిపోతుంది.

డాబా మీద చన్నీళ్ల ట్యాంకు వెచ్చబడుతుంటే ఎన్నార్వీ రేకుకు సున్నం పట్టి మూసుకోవడం లేదు. విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టండి.

ధార సన్నబడితే ముందు నల్లా మూతి జాలీ విప్పండి. అది శుభ్రంగా ఉంటేనే వాల్వుల దాకా వెళ్లండి.

గాలి గొట్టంలోంచి నీళ్లు పొంగితే దాని ఎత్తు చాలలేదు, ఇంకో రెండు అడుగులు లేపండి. సేఫ్టీ వాల్వు గీజర్ ఆఫ్‌లో ఉన్నా ఆగకుండా కారితే దాని సీటులో సున్నపు పలుకు ఇరికింది. పిడిని నాలుగుసార్లు ఎత్తి వదలండి. ఆగకపోతే వాల్వు మార్చండి.

9. ఏడాదిలో చేయవలసినవి

- నెలకోసారి: బాల్ వాల్వులు తిప్పడం, సేఫ్టీ వాల్వు పిడి ఎత్తడం
- మూడు నెలలకోసారి: డ్రెయిన్ తెరిచి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదలడం. గాజు గొట్టాల మీది దుమ్ము తుడవడం
- దసరాకు ముందు: గీజర్ కాయిల్, మెగ్నీషియం రాడ్ విప్పి చూడడం. కాయిల్‌ను లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గంట నానబెడితే సున్నం వదులుతుంది. బాత్రూం యాసిడ్ వాడొద్దు, అది స్టీలును తింటుంది. రాడ్ సగానికి పైగా అరిగితే కొత్తది వేయండి
- మార్చి చివర: సగం గొట్టాల మీద మందపాటి గోనెపట్టా కప్పడం. ఊరికి వెళ్తే మొత్తం కప్పండి గానీ ట్యాంకు ఖాళీ చేయకండి, చన్నీళ్ల వాల్వు మూయకండి